లక్నవరం రైడ్‌లో నా అవెంజర్‌ను ఫొటో నుంచి పక్కకు పెట్టమన్నారు

హనుమకొండ_220:
నాకు 56. 2011లో కొన్న బజాజ్ అవెంజర్ 220 బండి ఇంకా నడుపుతున్నా. పోయిన ఆదివారం లక్నవరంలో పార్కింగ్ దగ్గర గ్రూప్ ఫొటో తీస్తూ, "అన్నా, మీ బండి కొంచెం పక్కకు పెట్టండి, అన్నీ బుల్లెట్లే ఉంటే బాగుంటది" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు. మోకాళ్ల నొప్పి ఉంది, సీటు ఎత్తు తక్కువ ఉండాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి మారాలా, దీన్నే ఉంచుకోవాలా? మన వయసులో గౌరవం బండి పేరును బట్టేనా?

కాజీపేట_350:
ఏమనుకోవద్దు సార్, బుల్లెట్ లెక్క వేరు. మా నాన్న రైల్వేలో ఉన్నప్పుడు 1986లో కొన్నాడు, ఇప్పుడు నేను నడుపుతున్నా. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. అది నేర్చుకున్నవాడే బుల్లెట్ రైడర్. ఎడమ గేరు బండ్లన్నీ నా దృష్టిలో స్కూటర్లే.

గోదావరిఖని_థండర్:
స్కూటరా? 2004 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ మీద పదిహేనేళ్లు ఫస్ట్ షిఫ్ట్ డ్యూటీకి వెళ్లిన. వానలో, చలిలో, తెల్లారకముందు. గేరు ఎడమవైపే. నేను రైడర్‌ను కాదా?

కాజీపేట_350:
నీది అల్యూమినియం ఇంజిన్ భాయ్. పాత బుల్లెట్ల కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజిన్ శబ్దం దానికి రాదు. కాస్ట్ ఐరన్ అంటేనే కుడి గేరు.

కరీంనగర్_మెకానిక్:
28 ఏళ్లుగా ఇవే ఇంజిన్లు విప్పుతున్నా, నా మాట వినండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లదే ఎలక్ట్రా 5ఎస్ కాస్ట్ ఐరనే, గేరు మాత్రం ఎడమవైపు. కాబట్టి ఆ లెక్క తప్పు. పాత బండ్లవాళ్లు పాయింట్లు (స్పార్క్ ఇచ్చేవి), ట్యాపెట్లు (వాల్వులను కదిపేవి) సెట్ చేయించడానికి నెలనెలా వస్తారు. యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే కొత్త రకం) ఇంజిన్‌వాళ్లు ఎక్కువగా ఆయిల్ మార్చడానికే వస్తారు.

కాజీపేట_350:
మా బండ్ల మీద ఇన్నేళ్లు సంపాదించి ఇప్పుడు వాటినే తక్కువ చేస్తారా? మా నాన్న బండి గురించి ఒక్క మాట కూడా పడను.

కరీంనగర్_మెకానిక్:
మీ నాన్నగారి బండిని ఎవరూ ఏమనలేదు. తప్పు చెప్పారు, సరిచేశాను.

జగిత్యాల_దుబాయ్:
14 ఏళ్లు గల్ఫ్‌లో కష్టపడి వచ్చి హార్లే డేవిడ్సన్ స్ట్రీట్ 750 బైక్ కొన్నా. నా కల అది. 2020లో కంపెనీ హర్యానాలోని బావల్ ఫ్యాక్టరీ మూసేస్తామన్నప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2023లో హీరోతో కలిసి ఎక్స్440 వచ్చింది. సింగిల్ సిలిండర్ అని దాన్ని హార్లేనే కాదంటున్నారు. కొన్నవాళ్ల సంతోషం ఎందుకు చెడగొడతారు?

ములుగు_మాస్టారు:
అసలు ప్రశ్న ఎవరూ చూడలేదు. 2001లో కవాసకి బజాజ్ ఎలిమినేటర్ అనే బండి వచ్చింది. నయీంనగర్‌లో ఒకాయన కొంటే చూడటానికి మేమంతా వెళ్లాం. 2005లో దాదాపు అదే ఆకారంతో, పల్సర్ 180 ఇంజిన్‌తో అవెంజర్ వచ్చింది. పవర్ తగ్గలేదు, ధర తగ్గింది. ట్యాంకు మీద కవాసకి పేరు పోయింది, చుట్టూ చేరే జనమూ పోయారు. పొడుగు హ్యాండిల్, చాచిన కాళ్లు, కిందికున్న సీటు అన్నీ అలాగే ఉన్నాయి. ఫొటో నుంచి పక్కకు పెట్టమన్నవాళ్లకు ఈ సంగతి తెలియదు.

వరంగల్_వెనకసీటు:
మా ఆయన బుల్లెట్ మీద మేడారం దాకా వెళ్లి వచ్చాక నాకు రెండు రోజులు నడుము లేవలేదు. అవెంజర్‌కు వెనక ఆనుకునే బ్యాక్‌రెస్ట్ ఉంటుంది. సార్, మీ ఇంట్లోవాళ్లను అడిగి మార్చండి.

కరీంనగర్_మెకానిక్:
మోకాళ్ల సంగతి చెప్తా. అవెంజర్ సీటు 737 మిల్లీమీటర్లు, మీటియర్ 765. మీటియర్ బరువు 191 కిలోలు, అవెంజర్ కంటే పాతిక కిలోలకు పైనే ఎక్కువ. స్టాండ్ తీసేటప్పుడు, రివర్స్ నెట్టేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. చైన్, క్లచ్ ప్లేట్లు, ముందు ఫోర్క్ ఆయిల్ చూపించుకోండి, బండి ఉంచుకోండి.

కాజీపేట_350:
హనుమకొండ సార్, పక్కకు పెట్టమనడం మాత్రం తప్పే. నేనుంటే ఊరుకునేవాణ్ని కాదు.

హనుమకొండ_220:
థాంక్స్ తమ్ముడూ. బండి అమ్మట్లేదు. వచ్చే నెలకు ఆర్సీకి 15 ఏళ్లు నిండుతాయి, ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి. ఫిట్‌నెస్‌కు బండిని తీసుకెళ్లినప్పుడు ఈ మధ్య ఎవరికైనా సైలెన్సర్ దగ్గర ఇబ్బంది పెట్టారా? నాది ఒరిజినలే, కానీ కింద తుప్పు పట్టింది.