కేయాస్‌కి ‘చినికి చినికి గాలివాన’ సరిపోతుందా?

ప్రశ్న (కావలి): మా తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కి జంట లోలకం (ఒక పట్టీ కింద ఇంకో పట్టీ వేలాడేది) చేస్తున్నారు. చార్టు మీద ‘కేయాస్’ (chaos) అనే సైన్స్ మాటకి తెలుగులో ‘గందరగోళం’ అని రాశారు. నాకేమో ‘చినికి చినికి గాలివాన’ బాగుంటుందనిపిస్తోంది. ఏమంటారు?

జవాబు (ఒంగోలు): అక్కా, ‘గందరగోళం’ మాత్రం వద్దు. ఆ మాట వింటే పద్ధతీ పాడూ లేని వ్యవహారం అనుకుంటారు పిల్లలు. మీ లోలకంలో రెండు చెక్కపట్టీలూ న్యూటన్ సూత్రాలను ఎక్కడా తప్పవు. అయినా బాగా పైకెత్తి వదిలితే, కాసేపటికి ఎటు పల్టీ కొడతాయో చెప్పలేం. అదే కదా అసలు వింత!

ఇక సామెత. 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్లో వాతావరణం లెక్క మళ్ళీ నడుపుతూ 0.506127 బదులు 0.506 అని కొట్టాడు. కొంతసేపు పాత లెక్కా కొత్త లెక్కా కలిసే నడిచి, తర్వాత పోలికే లేకుండా పోయాయి. గాలివానల లెక్కే కాబట్టి సామెత ఇట్టే అతికినట్టుంటుంది. కానీ మనం దాన్ని వాడేది మాటామాటా పెరిగి కొట్లాట దాకా వచ్చినప్పుడు. అక్కడ చినుక్కి చినుకు తోడవుతుంది. కేయాస్‌లో బయట్నుంచి ఏదీ తోడవనక్కర్లేదు, మొదట్లోని వెంట్రుకవాసి తేడాయే పెరిగి పెద్దదవుతుంది. పైగా సామెతలో ఉన్నది ఒకటే వాన. ఇక్కడ రెండు వానల్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

పిల్లల చేత అదే చేయించండి. ముందు పట్టీలను కొంచెమే లాగి వదలమనండి, ఎన్నిసార్లు వదిలినా దాదాపు ఒకేలా ఊగుతాయి. తర్వాత బాగా పైకెత్తి, గోడ మీది సుద్దగీతకు సరిగ్గా ఆనించి వదిలి, ఫోన్లో స్లో మోషన్ తీయమనండి. మళ్ళీ అదే గీత నుంచి ఇంకోసారి. రెండు వీడియోలూ పక్కపక్కన ఆడిస్తే మొదటి ఊపులు కలుస్తాయి. ఆ పైన ఒకదాంట్లో కింది పట్టీ గిర్రున తిరిగేస్తుంది, రెండోదాంట్లో సగం దాకా లేచి వెనక్కి పడుతుంది.

వ్యాఖ్య (నెల్లూరు): అన్నా, కుళాయి చుక్కలతో కూడా చేయించొచ్చు కదా?

జవాబు: భేషుగ్గా, తమ్ముడూ. కింద స్టీలు పళ్ళెం పెట్టి చెవితో వినాలి. కుళాయి సన్నగా తిప్పితే టప్పు, టప్పుమని సమానంగా పడతాయి. ఓపిగ్గా ఇంకాస్త తిప్పితే ఒక ఎడం పొడుగు, ఒక ఎడం పొట్టి అవుతుంది. ఆ పైన లెక్కకు అందవు. కాలిఫోర్నియాలో రాబర్ట్ షా అనే భౌతిక శాస్త్రవేత్త ఈ చుక్కల మీదే పరిశోధన చేశాడు.

చార్టు మీద ‘కేయాస్’ అనే ఉంచండక్కా. కింద “నియమం తప్పదు, మొదలు రవ్వంత మారితే నడక మొత్తం మారుతుంది” అని రాయించండి. సామెత సరిపోతుందో లేదో, ఫెయిర్ చూడ్డానికొచ్చినవాళ్ళను పిల్లలే అడుగుతారు.