హ్యాండ్. కెనాట్. ఎరేజ్.లో కథ ఎక్కడుంది? స్టీవెన్ విల్సన్ ఆల్బమ్స్ వినేవాళ్ళు కాస్త చెప్పండి

రాత్రి_హెడ్‌ఫోన్స్:

ప్రోగ్ రాక్‌లో, అంటే పొడవైన, చిక్కైన రాక్ పాటల్లో, నాకు తెలిసింది డ్రీమ్ థియేటర్ బ్యాండ్ వరకే. ఫ్రెండ్ ఒకడు వెంటపడి మరీ వినమంటే స్టీవెన్ విల్సన్ 2015 ఆల్బమ్ హ్యాండ్. కెనాట్. ఎరేజ్. మొదలుపెట్టాను. సంగీతం మాత్రం బుర్రలోంచి పోవట్లేదండీ. రిగ్రెట్ నంబర్ నైన్‌లో ఆడమ్ హోల్జ్‌మన్ మూగ్ సింథసైజర్ సోలో, అది అయిపోయి ఊపిరి తీసుకునేలోపు గత్రీ గోవన్ గిటార్ అందుకోవడం, ఈమధ్య ఆఫీసుకి వెళ్ళేదారంతా ఇదే.

నా సందేహం వేరే. లండన్‌లో ఒకావిడ తన ఫ్లాట్‌లో చనిపోతే రెండేళ్ళ పైచిలుకు ఎవరికీ తెలియలేదట, ఆ నిజ సంఘటన మీద తీసిన కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ ఒకే కథ చుట్టూ తిరిగేది) ఇది అని చదివాను. సరేనని లిరిక్స్ ముందు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా విన్నాను. ఆ చావు ఎక్కడా కనపడలేదు. ఒక పాటలో అక్క వస్తుంది, ఒక పాటలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి, ఇంకో దాంట్లో రైల్లో చిన్నపిల్ల. వీళ్ళంతా ఒకరేనా, వేరేవేరేనా? డ్రీమ్ థియేటర్ వాళ్ళ సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ వింటే నికొలస్ ఎవరు, విక్టోరియాకి ఏమైంది, అన్నీ సీన్లవారీగా తెలిసిపోతాయి కదా. ఇక్కడ అలాంటిదేమీ దొరకట్లేదు. కథ తెలియకపోయినా పర్లేదా, లేక నేను ఏదైనా పట్టుకోలేకపోతున్నానా? దీని తర్వాత ఆయనవి ఏవి వినాలో కూడా చెప్పండి.

మెల్లోట్రాన్_పిచ్చి:

మంచి ప్రశ్న అడిగారు. ముందు అసలు సంఘటన చూద్దాం, అది సరిగ్గా తెలిస్తే పాటల్లో ఏం వెతకాలో తెలుస్తుంది. ఆవిడ పేరు జాయిస్ కేరల్ విన్సెంట్. ఉత్తర లండన్‌లో వుడ్ గ్రీన్ దగ్గర ఒక చిన్న ఫ్లాట్‌లో ఉండేది. 2003 డిసెంబరు ప్రాంతంలో చనిపోయింది, 2006 జనవరిలో అద్దె బకాయిల కోసం వచ్చినవాళ్ళు తలుపు పగలగొడితే గానీ బయటపడలేదు. టీవీ ఇంకా ఆడుతూనే ఉంది. పక్కన క్రిస్మస్‌కి ఎవరికో ఇద్దామని చుట్టిపెట్టిన గిఫ్టులు ఉన్నాయి. వయసు 38. అక్కలున్నారు, స్నేహితులున్నారు, ఒకప్పుడు మంచి ఉద్యోగాలు చేసింది. ఇలాంటి వార్త వింటే ఎవరూ లేని ముసలావిడ అయ్యుంటుంది అనుకుంటాం. కాదని తెలిశాకే ఇది విల్సన్‌ని పట్టుకుంది. కేరల్ మోర్లీ ఆవిడ మీద తీసిన డాక్యుమెంటరీ 2011లో వచ్చింది, ఆల్బమ్‌కి విత్తనం అక్కడిదే.

ఇక మీకు కనపడని చావు. హ్యాపీ రిటర్న్స్ ఇంకోసారి వినండి, ఈసారి కాగితం పట్టుకుని కూర్చోండి. అది ఆల్బమ్‌లోని ఆవిడ తన తమ్ముడికో అన్నకో రాస్తున్న ఉత్తరం. చాలా రోజులైంది, నేను చచ్చిపోయాననుకున్నావేమో, ఇక్కడే ఉన్నాను అంటుంది. బిజీగా ఉన్నానని చెప్పాలనుంది గానీ అది అబద్ధం అవుతుంది అంటుంది. బిల్లులు కట్టడం కష్టంగా ఉందంటుంది, పిల్లలకి నేను గుర్తున్నానా అని అడుగుతుంది, వాళ్ళకి గిఫ్టులు తెచ్చి పెట్టానంటుంది. చివరి మాట, నిద్రొస్తోంది, మిగతాది రేపు రాస్తాను. అంతే, ఆ రేపు ఆల్బమ్‌లో లేదు. బిల్లులు, గిఫ్టులు, ఒంటరి మనిషి, వార్తలో ఉన్నవి ఆ ఒక్క పాటలోకి వచ్చేశాయి, చావు అన్న మాట మాత్రం ఆమె నవ్వుతూ అన్న ఆ మొదటి వాక్యంలో తప్ప ఎక్కడా రాదు. నాకైతే విల్సన్ రాసిన వాటన్నిట్లో ఇదే గొప్ప పాట. కొన్ని కార్డ్‌లు, మాటల్లేకుండా పాడుకునే కోరస్, ఇంత మామూలు ట్యూన్‌లో ఇంత పెట్టాడు.

మీరు అక్క అన్నది పర్ఫెక్ట్ లైఫ్‌లో అమ్మాయి కదా. కథ చెప్పే ఆవిడకి పదమూడేళ్ళప్పుడు ఇంటికి వచ్చి ఆరు నెలలుండి వెళ్ళిపోయిన పిల్ల, తనకన్నా మూడేళ్ళు పెద్ద. ఇప్పుడు దాని ముందున్న పెద్ద పాట పేరు చూడండి, త్రీ ఇయర్స్ ఓల్డర్. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కొన్నాళ్ళకి మొహం, గొంతు, చివరికి పేరు కూడా గుర్తులేకుండా పోయాయని చెప్తుంది. తను ఒకరిని అలా మర్చిపోయింది, తర్వాత లోకం తనని అలాగే మర్చిపోయింది. కథ అంటే ఇదే, సంఘటనల వరస కోసం చూస్తే దొరకదు.

ఏడు_బై_ఎనిమిది:

పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ కథ అర్థమయ్యాకే ఆల్బమ్ వినాలన్నట్టు చెప్తే కొత్తవాళ్ళు భయపడతారు బ్రో. నేను వాయించేవాణ్ణి కాబట్టి నాకు ముందు వినపడేది వాయిద్యాలే. మొదటి ట్రాక్ ఫస్ట్ రిగ్రెట్ రెండు నిమిషాలే, పిల్లలు ఆడుకుంటున్న శబ్దం, దాని మీద ఒక చిన్న పియానో ముక్క. ఆ ముక్కని బాగా గుర్తుపెట్టుకోండి. మధ్యలో దాదాపు గంట సేపు ఎలక్ట్రానిక్ బీట్లు, మెటల్ రిఫ్‌లు (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్కలు), పదమూడు నిమిషాల యాన్సెస్ట్రల్, అన్నీ అయిపోయాక ఆ పియానో హ్యాపీ రిటర్న్స్ దగ్గర మళ్ళీ వస్తుంది. లిరిక్ ఒక్క ముక్క తెలియకపోయినా అప్పుడు గుండె పట్టేస్తుంది, ఎందుకంటే అది వినగానే మొదట విన్నప్పటికీ ఇప్పటికీ మధ్య ఒక జీవితం అయిపోయిందని చెవికి తెలిసిపోతుంది.

బుర్రకథలో అయితే కథకుడు ముందు నిలబడి ఇదీ ఊరు, వీడూ రాజు అని చెప్పి, వంతలతో తందాన అనిపించి లాక్కెళ్తాడు. ఇక్కడ ఆ కథకుడు లేడు, ఆ పని వాయిద్యాలు చేస్తాయి. యాన్సెస్ట్రల్ చివరి నాలుగు నిమిషాలు గమనించండి, ఒకే రిఫ్ బరువెక్కుతూ, టెంపో మారుతూ, మార్కో మిన్నెమన్ డ్రమ్స్ దాని మీద ఎటుపడితే అటు పరుగెడుతూ ఉంటాయి. మాటలు అయిపోయాయి, టెన్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అది ఎవరైనా చెప్తే అర్థమయ్యేది కాదు, మంచి హెడ్‌ఫోన్స్‌లో గట్టిగా పెట్టి వినాల్సిందే.

తెల్లకాగితం:

రొటీన్ గురించి ఎవరూ రాయలేదేంటి? నాకు ఆల్బమ్ అంటే ఆ పాటే. భర్తా పిల్లలూ పోయిన ఇల్లాలు. ఏం చేస్తుందంటే ఇల్లు తుడుస్తుంది, ఇస్త్రీ చేస్తుంది, వాళ్ళకి ఇష్టమైనవే వారమంతా వండుతుంది. పిల్లల బట్టలు ఏం చెయ్యాలో తెలియదు, ఇంకా వాళ్ళ వాసన వేస్తున్నాయి. వసారాలో వాళ్ళ అడుగుల గుర్తులుంటే మోకాళ్ళ మీద కూర్చుని రుద్ది చెరిపేస్తుంది. చెరపడానికి చెయ్యి ఎంత రుద్దినా చెరగనిది ఏమిటో ఆల్బమ్ పేరులోనే ఉంది కదా. మొదట విల్సన్ నెమ్మదిగా పాడతాడు, తర్వాత ఇజ్రాయెలీ గాయని నినెట్ తాయెబ్ అందుకుంటుంది, పాట చివరికొచ్చేసరికి ఆమె ఒక్క కేక పెడుతుంది. ఆ కేక ముందు ఎన్నిసార్లు విన్నా నేను సర్దుకుని కూర్చుంటాను. జెస్ కోప్ బొమ్మలతో చేసిన స్టాప్ మోషన్ వీడియో కూడా ఉంది, కానీ ముందు పాట వినండి, తర్వాతే వీడియో.

ఈవిడా ఆల్బమ్ హీరోయినూ ఒకరే కాదు. హీరోయిన్‌కి హెచ్ అన్న అక్షరం తప్ప పేరు కూడా లేదు. డీలక్స్ ఎడిషన్‌లో హెచ్ డైరీ, ఉత్తరాలు, పేపర్ కటింగ్‌లు అన్నీ నిజం కాగితాల్లా తయారుచేసి పెట్టారు, అవి చదివితే చాలా దొరుకుతాయి. కానీ అవేమీ లేకుండా పాటలు వింటే, పక్కింటి కిటికీలోంచి కనపడే ఒకావిడ జీవితాన్ని హెచ్ తనలో తను ఊహించుకుంటున్నట్టు ఉంటుంది నాకు. ఒక్కతే ఉండే మనిషి ఎదుటివాళ్ళ జీవితాల గురించి ఎంత ఆలోచిస్తుందో కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిజంగా చనిపోయిన మనిషి మీద ఆల్బమ్ చేసి అమ్మడం ఏమిటని మా ఇంట్లోనే ఒకరు అన్నారు. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. అయితే విల్సన్ ఆ పేరు వాడలేదు, ఆవిడ జీవితాన్ని తవ్వి తియ్యలేదు, వేరే మనిషిని కల్పించి వేరే జీవితం ఇచ్చాడు. పైగా హెచ్ చివరికి చనిపోయిందా, ఎటైనా వెళ్ళిపోయిందా అన్నది కూడా తేల్చడు. ఆఖరి ట్రాక్ అసెండెంట్ హియర్ ఆన్‌లో మాటల్లేవు. వార్త రాసినవాళ్ళు ఆవిణ్ణి శవంగా మొదలుపెట్టి వెనక్కి వెళ్ళారు. ఈయన బతికున్న మనిషిగా మొదలుపెట్టి అలాగే వదిలిపెట్టాడు. అందుకే నాకు తప్పుగా అనిపించదు.

బొంతకాకి:

తర్వాత ఏవి వినాలి అన్నదానికి నేను చెప్తాను. 2013లో వచ్చిన ద రేవెన్ దట్ రెఫ్యూజ్డ్ టు సింగ్. మీకు కథలు కావాలి కదా, ఇందులో ఆరు పాటలు, దెయ్యాల కథలే, ప్రతి పాటకీ మొదలూ చివరా ఉంటాయి. లూమినాల్‌లో వాన వచ్చినా మంచు పడినా రోజూ అదే వీధిలో గిటార్ వాయించే మనిషి, పోయాక కూడా మానడు. వాచ్‌మేకర్‌లో జీవితమంతా గడియారాలతో గడిపిన ముసలాయన, ఏభై ఏళ్ళు కాపురం చేసిన భార్యని చంపేస్తాడు. టైటిల్ సాంగ్‌లో చిన్నప్పుడే అక్కని పోగొట్టుకున్న ముసలివాడు తోటలోకి వచ్చే బొంతకాకిని చూసి ఇది మా అక్కే అనుకుని, చిన్నప్పటిలాగా నాకోసం పాడవే అని బతిమాలుతుంటాడు. అది పాడదు.

బ్యాండ్ సంగతి చెప్పక్కర్లేదు. గోవన్, హోల్జ్‌మన్, మిన్నెమన్, బాస్ మీద నిక్ బెగ్స్, ఫ్లూట్ శాక్సఫోన్ థియో ట్రావిస్, అందరినీ లాస్ ఏంజెలెస్ స్టూడియోలో కూర్చోబెట్టి చాలావరకు కలిసి వాయిస్తుండగానే రికార్డ్ చేశారు. ఇంజనీర్ ఎవరనుకున్నారు, అలన్ పార్సన్స్! పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ రికార్డ్ చేసిన మనిషి. విల్సన్ చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఇంట్లో పెట్టి వినిపించిన రికార్డ్ అదే, అది చేసిన ఆయన్నే పిలిపించుకుని తన ఆల్బమ్ చేయించుకున్నాడు. లూమినాల్ మొదట్లో బాస్, డ్రమ్స్ పరుగెత్తే ఆ భాగం వింటే గది ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది, శబ్దం అంత శుభ్రంగా ఉంటుంది. డ్రైవ్ హోమ్‌లో గోవన్ సోలో గురించి నేను రాయను, మీరే వినండి.

హ్యాండ్ కెనాట్ ఎరేజ్ కన్నా రేవెన్ పెద్ద ఆల్బమ్ అని నా గట్టి అభిప్రాయం. అక్కడ కొన్ని పాటలు రేడియో కోసం చేసినట్టుంటాయి, టైటిల్ సాంగ్‌తో సహా. ఇక్కడ ఒక్క నిమిషం వృథా లేదు.

మెల్లోట్రాన్_పిచ్చి:

ఆ టైటిల్ సాంగ్ అక్కడ ఉండాల్సిందే అన్నా. ఆమె సంతోషంగా, ప్రేమలో, మామూలుగా బతికిన రోజులవి. ఆ పాప్ పాట లేకపోతే తర్వాత పోయింది ఏమిటో మనకెలా తెలుస్తుంది? మొత్తం రేవెన్‌లాగా మబ్బు పట్టి ఉంటే ఆవిడ మొదటి నుంచీ దెయ్యంలా ఉండేది.

రాత్రి_హెడ్‌ఫోన్స్:

అందరికీ చాలా థాంక్సండీ. ఇవాళ లైట్లు తీసేసి మొదట్నుంచి వరసగా విన్నాను, షఫుల్ లేకుండా. హ్యాపీ రిటర్న్స్‌లో గిఫ్టుల మాట ఇన్నాళ్ళూ నా చెవిన పడి వెళ్ళిపోతూనే ఉంది, ఈసారి అక్కడికి రాగానే ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను. పియానో ముక్క కూడా దొరికింది. ఒక్క సందేహం, పార్క్యుపైన్ ట్రీ పేరు చాలామంది చెప్తున్నారు, అది కూడా ఈయనదేనా? అందులో కాన్సెప్ట్ ఆల్బమ్స్ ఉన్నాయా?

ఏడు_బై_ఎనిమిది:

ఆయనదే, సోలోగా రాకముందు పేరు తెచ్చింది అదే. 2009 డిసెంబరులో ఐఐటీ బాంబే కాలేజీ ఫెస్ట్ మూడ్ ఇండిగోకి వచ్చి వాయించారు కూడా, మన దేశంలో ఆయనకి ఇంతమంది అభిమానులు ఉండటానికి ఆ రాత్రి ఒక కారణం. 2007లో వచ్చిన ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్‌తో మొదలుపెట్టండి. కర్టెన్లు వేసుకుని గదిలో టీవీ, వీడియో గేమ్, మాత్రలు, వీటి మధ్య ఏదీ అనిపించకుండా బతికే కుర్రాడు. ఏభై నిమిషాలు, ఆరు పాటలు. మీరు మెటల్ నుంచి వచ్చారు కాబట్టి అనస్థటైజ్ మీకోసమే, 17 నిమిషాల పైన, మధ్యలో సోలో రష్ బ్యాండ్ అలెక్స్ లైఫ్‌సన్‌ది, ఆ తర్వాత వచ్చే రిఫ్‌లకి మెడ ఆగదు, చివరికి అంతా సముద్రం ఒడ్డుకి వచ్చి నెమ్మదిస్తుంది. 2007 అంటే చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు ఇంకా సరిగ్గా రాలేదు. మా తమ్ముడి వయసు పిల్లల్ని ఇప్పుడు చూస్తుంటే ఆ ఆల్బమ్ నిన్న రాసినట్టుంటుంది.

తెల్లకాగితం:

2025 మార్చిలో వచ్చిన ది ఓవర్‌వ్యూ కూడా లిస్టులో పెట్టుకోండి. రెండే ట్రాక్‌లు, ఒకటి 23 నిమిషాలు, ఒకటి 18. అంతరిక్షంలోంచి భూమిని చూసిన వ్యోమగాములకి మనసులో కలిగే మార్పు మీద. మొదటి ట్రాక్‌లో ఒక భాగానికి ఎక్స్‌టీసీ బ్యాండ్ ఆండీ పార్ట్‌రిడ్జ్ మాటలు రాశాడు, కింద వీధిలో మనుషుల చిన్నచిన్న కష్టాలు, పైన నక్షత్రాలు పేలిపోవడం, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. హెచ్ ఒక గదిలో ఎవరికీ కనపడకుండా పోయింది, ఇక్కడ భూమి మొత్తం కనపడకుండా పోతుంది. అందుకే హ్యాండ్ కెనాట్ ఎరేజ్ తర్వాత ఇదే వినమంటాను, రేవెన్ ఆ తర్వాత.

బొంతకాకి:

రేవెన్ ముందు. ఈ విషయంలో నేను తగ్గను.