పాట్, మిక్‌లను ‘జంట గాయకులు’ అనవచ్చునా?

లండన్‌లోని క్యాపిటల్ రేడియోలో వ్యాఖ్యాతలుగా ఉంటూ 1988లో పాప్ పాటల రంగంలోకి వచ్చిన పాట్ షార్ప్, మిక్ బ్రౌన్‌లను ‘జంట గాయకులు’ అనాలా, ‘గాయక ద్వయం’ అనాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం రాస్తున్నాను.

‘జంట’ అన్న మాటకు మన సాహిత్యంలో చాలా బరువుంది. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి కలిసి అవధానాలు చేసినందువల్ల మాత్రమే తిరుపతి వేంకట కవులు కాలేదు. పద్యం ఎవరిదైనా ఇద్దరి పేరిటా వెలువడాలన్న నియమాన్ని పాటించారు, తిరుపతి శాస్త్రిగారు గతించిన తర్వాత కూడా చెళ్లపిళ్లవారు తమ రచనలను జంట పేరుతోనే ప్రకటించారు. అంతటి సాహచర్యాన్ని పాట్, మిక్‌లలో వెతకనక్కరలేదు గాని, ఇద్దరి పేర్లు కలిసి ఒక్క పేరుగా చెలామణీ కావడమనే లక్షణం వారికీ ఉంది కనుక ‘జంట’ తగినదే. నా అభ్యంతరమల్లా ‘గాయకులు’ అన్న రెండవ మాట మీదనే.

పాట్, మిక్‌లవి లండన్ పిల్లల సహాయ నిధి కోసం తెచ్చిన రికార్డులు. వాటిని తయారుచేసినది ఆనాడు బ్రిటన్ పాప్ సంగీతాన్ని ఏలుతున్న స్టాక్, ఐట్‌కెన్, వాటర్‌మన్ బృందం. పాటలేమో అంతకు పదేళ్ల కిందటి డిస్కో పాటలు. మొదటిది, మైకేల్ జేగర్ బ్యాండ్ పాట, బ్రిటిష్ రికార్డు అమ్మకాల పట్టికలో 11వ స్థానానికి చేరగా, 1989 నాటి రెండవది 9వ స్థానం అందుకుంది. వినేవారు కొన్నది రోజూ రేడియోలో పలకరించే గొంతుల మీది అభిమానంతో, పిల్లలకు సాయపడాలన్న కోరికతో. అందుచేత ‘పాటలు పాడిన రేడియో వ్యాఖ్యాతల జంట’ అనడమే నిజానికి దగ్గరగా ఉంటుంది. వారి వృత్తిని ఇంగ్లీషులో అన్నట్లే ‘డీజే’ అని రాస్తే మాత్రం, ఊరేగింపులో హోరెత్తే సౌండు బాక్సులే ఇప్పటి తెలుగు పాఠకుడికి గుర్తుకొస్తాయి; ‘వ్యాఖ్యాత’ అనడమే క్షేమం.

ఇక పేరు రాసే తీరు. మొదటి రికార్డు మీద ‘మిక్ అండ్ పాట్’ అని ఉండగా, మరుసటి ఏడాదికి ఆ వరుస తారుమారై ‘పాట్ అండ్ మిక్’ స్థిరపడింది. రికార్డు మీది పేరును యథాతథంగా ఉదహరించవలసిన చోట ‘అండ్’ ఉంచాలి, తక్కిన చోట్ల ‘పాట్ మరియు మిక్’ అని రాయడం నాకు బొత్తిగా రుచించదు. సంగీత దర్శకుల జంటను రాజన్ నాగేంద్ర అన్నప్పుడు మనకు మధ్యలో ఏ మాటా అవసరపడలేదు కదా. ద్వంద్వ సమాసం ఉండగా ‘మరియు’ను అరువు తెచ్చుకోనక్కరలేదు: ‘పాట్, మిక్‌ల రెండవ పాట 1989లో వచ్చింది’ అంటే సరిపోతుంది.