వరద వ్యాసం: మామ్మ అనని మాట ఆవిడ నోట పెట్టొచ్చా?

లంకలో పుట్టినోడు:
1986 ఆగస్టు వరద మీద వ్యాసం రాస్తున్నానండి. మాది రాజోలు వైపు, గోదావరి పాయ వశిష్ఠ పక్కన లంక. అప్పుడు నాకు ఏడేళ్లు. నీళ్లు వాకిట్లోకి రాగానే మామ్మ నన్ను అటకెక్కించి, తను కిందికి దిగి కత్తిపీటతో దూడ పలుపు కోసొచ్చింది. నడుం దాకా నీళ్లలో. అది రాశాక ఖాళీగా అనిపించి, ఆవిడ చేత "గోదారమ్మకి కోపమొస్తే మనమెంతరా" అనిపించాను. ఆవిడ అలా అన్లేదు. ఏమందో నాకు గుర్తులేదు. మా పెద్దక్క చదివి ఇంకో తప్పు పట్టింది: "హెలికాప్టర్ పొట్లాలు 2006 వరదలోవిరా, అదీ నువ్వు హైదరాబాదులో కూచుని టీవీలో చూశావు. ఎనభయ్యారులో మనకి అటుకులొచ్చాయి, పడవలో." కథ అని వేసేస్తే గొడవే లేదు. నాకు వ్యాసంగానే కావాలి. ఏం చెయ్యమంటారు?

కాలవగట్టు:
మీ మామ్మే కదండీ, కేసెవరు పెడతారు? ఉంచెయ్యండి. యాస కుదిరితే చదివేవాళ్లు నమ్మేస్తారు.

పాత విలేకరి:
నమ్మేస్తారు, చిక్కు అక్కడేనండి. అమలాపురంలో పదకొండేళ్లు వార్తలు రాశాను. 1996 నవంబరు తుపాను మర్నాడు ఓ రైతు పడిపోయిన కొబ్బరి చెట్టు మీద కూచుని ఉన్నాడు. "బిడ్డల్లా పెంచానండి" అన్నాడని రాసేశాను. ఆయన నిజంగా అన్నది "రంపం ఎక్కడ దొరుకుద్దండి, దారికి అడ్డంగా పడిపోయింది" అని. నెల తర్వాత సంతలో ఎదురై "నేను ఏడ్చానని రాశారంట కదా" అన్నాడు. ఆ రంపం నాకింకా గుర్తే. అచ్చులో మాత్రం లేదు.

మీ మామ్మ ఏమందో గుర్తులేదని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లండి. హెలికాప్టర్ తీసెయ్యకండి, అక్క దిద్దిన సంగతితో సహా పెట్టండి. అందులోనే వ్యాసం ఉంది. అంకెలు కావాలంటే, ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులు. అవి ఇప్పటి మీరు చెప్పండి. ఏడేళ్ల పిల్లాడికి క్యూసెక్కులేంటండి, వాడు మెట్లు లెక్కపెట్టుకుని ఉంటాడు. మీ వీధరుగుకి మెట్లెన్ని?

లంకలో పుట్టినోడు:
నాలుగంటండి, అక్క చెప్పింది. రెండు మెట్లు రోడ్డు ఎత్తు చేసినప్పుడు పూడిపోయాయి. పైగా అది కత్తిపీట కాదు, కొడవలంటోంది! నాన్నగారు కత్తిపీటే అంటున్నారు. మామ్మ మాట సంగతి అడిగితే "ఆ పూట ఆవిడ నోరు విప్పితే కదా" అంది.

పాత విలేకరి:
కొడవలో కత్తిపీటో తేల్చకండి. ఇద్దరూ చెప్పింది రాయండి.

లంకలో పుట్టినోడు:
సరేనండి. గోదారమ్మ కోపం కొట్టేశాను. మంచి వాక్యమండి, పోయిందంటే కడుపు మండిపోతోంది.

కాలవగట్టు:
నాకిచ్చెయ్యండి, కథలో వాడుకుంటాను.