బరువు మీద నాకింగ్ చేస్తున్న పాత పెట్రోలు పికప్: లోపం టైమింగులోనా, మిశ్రమంలోనా?

కార్బొరేటర్ ఉన్న మా పాత నాలుగు సిలిండర్ల పెట్రోలు పికప్, అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో వెళుతూ టాప్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్లు చప్పుడు (నాకింగ్, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండటం) చేస్తోంది. కోనసీమలో కొండలు లేవు గనుక ఈ తేడా ఏటిగట్టు ఎక్కేటప్పుడూ, కాలువ వంతెనల దగ్గరా మాత్రమే బయటపడుతుంది. ఖాళీ బండిలో ఏమీ వినిపించదు.

ఇగ్నిషన్ టైమింగును (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయాన్ని) కొంచెం వెనక్కి తిప్పితే చప్పుడు తగ్గుతోంది కానీ బండి లాగుడు కూడా పడిపోతోంది. ఇంజిన్ పీల్పుతో (వ్యాక్యూమ్) టైమింగును ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి, మూసి నడిపినా మార్పు లేదు. పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డులో (సిలిండర్లకు మిశ్రమం వెళ్లే గొట్టంలో) వ్యాక్యూమ్ ఎలాగూ ఉండదు గనుక ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అసలు ఆధారం నాకు వేరేచోట కనిపిస్తోంది: అదే గట్టు ఎక్కేటప్పుడు చోక్ కొద్దిగా లాగి మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచితే చప్పుడు దాదాపు ఆగిపోతుంది, ప్లగ్గులు విప్పి చూస్తే తెల్లగా ఉన్నాయి; రెండూ మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనే సూచనలే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. దానివల్ల ఆక్టేన్ పెరిగినా, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటంతో, పాత జెట్ల (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాల) కొలతకు మిశ్రమం పలచబడుతుంది.

మా మెకానిక్ మాత్రం హెడ్డు విప్పి లోపల పేరుకున్న కార్బన్ గీకాలంటున్నారు. అంత ఖర్చుకు దిగే ముందు మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడటం మంచిదా, లేక కార్బొరేటర్ కింది గ్యాస్కెట్ దగ్గర అదనపు గాలి లాగి మిశ్రమం పలచబడుతోందేమో మొదట చూడాలా? ఇంజిన్ వేగాన్ని బట్టి టైమింగు ఎంత ముందుకు జరగాలో అదుపు చేసే డిస్ట్రిబ్యూటర్ లోపలి అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయాయో లేదో టైమింగ్ లైటుతో ఎలా నిర్ధారించుకోవాలో కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.