రేపటి చిప్‌ల పరిశోధనకు ప్రజల సొమ్ము ఎవరికివ్వాలి: కంపెనీ ల్యాబులకా, యూనివర్సిటీలకా?

గోదారి గట్టు:
మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన వాదన ఇది. చిప్‌ల పరిశోధన పేరుతో ప్రభుత్వం యూనివర్సిటీలకు డబ్బు పోయడం దండగ, అదేదో కంపెనీలకే ఇస్తే పని జరుగుతుందని నేనన్నాను. ఇప్పటికీ అదే అంటాను. చిప్‌లో కరెంటును ఆన్, ఆఫ్ చేసే బుల్లి స్విచ్ ట్రాన్సిస్టర్. 1947లో అది పుట్టింది బెల్ ల్యాబ్స్‌లో. ఆ ల్యాబ్ అమెరికా టెలిఫోన్ కంపెనీది. మన ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉండే డీర్యామ్ అనే మెమరీని కనిపెట్టిన రాబర్ట్ డెన్నార్డ్ ఐబీఎం ఉద్యోగి. మెషీన్లు, మనుషులు, డబ్బు ఒకచోట ఉంటేనే ఇలాంటివి జరుగుతాయి. మా ఎం.టెక్. ల్యాబులో ఒక్క మెషీన్ పాడైతే, బాగుచేసేవాళ్లు రాక సెమిస్టర్ అంతా దాని ముందు ఊరికే కూర్చున్నాం.

నల్లమల:
ట్రాన్సిస్టర్ కథ సగంలో ఆపేశారండీ. బెల్ ల్యాబ్స్ దాన్ని తాళం వేసి దాచుకుని ఉంటే మనకు ఈ పరిశ్రమే ఉండేది కాదు. 1952లో 25,000 డాలర్లు కట్టిన కంపెనీలను పిలిచి తయారీ పద్ధతి దగ్గరుండి నేర్పించారు. 1956లో గుత్తాధిపత్యం కేసు రాజీ కుదిరినప్పుడు, అప్పటికున్న పేటెంట్లను చాలావరకు రాయల్టీ లేకుండా ఇవ్వాల్సి వచ్చింది. పైగా పోటీ భయం లేని కంపెనీ అది, జనం కట్టే ఫోన్ బిల్లులే దాని పెట్టుబడి. అలాంటి కంపెనీ ఇవాళ ఒక్కటి చూపించండి.

ఫిన్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ సంగతే తీసుకోండి. ట్రాన్సిస్టర్ బాగా చిన్నదైతే, దాన్ని ఆన్, ఆఫ్ చేసే గేటు ఆఫ్‌లో ఉన్నా అడుగు నుంచి కరెంటు కారిపోతూ ఉంటుంది. సరిగ్గా మూయని కుళాయిలా. కరెంటు నడిచే దారిని చేప రెక్కలా నిలబెట్టి, మూడు వైపులా గేటు చుట్టేస్తే ఆ కారడం అదుపులోకి వస్తుంది. 1990ల చివర్లో బర్క్‌లీ యూనివర్సిటీలో చెన్‌మింగ్ హు బృందం ఇది చేసి చూపించింది. డబ్బు అమెరికా రక్షణ శాఖకు చెందిన పరిశోధన సంస్థ డార్పాది. ఇంటెల్ 22 నానోమీటర్ల చిప్‌లలో పెట్టి మార్కెట్లోకి తెచ్చేసరికి 2012 వచ్చింది. మూడు నెలలకోసారి లాభాల లెక్క చెప్పాల్సిన కంపెనీకి అంత ఓపిక ఉంటుందా?

క్లీన్‌రూమ్:
ఆ రెక్క ఆలోచన బర్క్‌లీలోనే మొదలవలేదండీ. 1989లో జపాన్‌లో హిటాచి ల్యాబులో హిసమోటో అనే ఇంజినీరు డెల్టా పేరుతో దాదాపు అలాంటి ట్రాన్సిస్టరే చేశారు. తర్వాత ఆయన బర్క్‌లీకి వెళ్లి హు గారి బృందంతో కలిసి పనిచేశారు. ఒక కంపెనీలో మొలిచింది, యూనివర్సిటీలో ఎదిగింది, ఇంకో కంపెనీలో కాపుకొచ్చింది. ఇది ఎవరిదని పంచుతాం?

గోదారి గట్టు:
హిసమోటో సంగతి నాకు తెలియదు, థాంక్సండీ. కానీ ఓపిక మాట ఒప్పుకోను. చిప్‌ల మీద అతి సన్నని గీతలను కాంతితో ముద్రించే ఈయూవీ మెషీన్ చూడండి. తగరం చుక్కలు సెకనుకు 50,000 చొప్పున రాలుతుంటాయి, ఒక్కో చుక్కనూ లేజర్‌తో రెండుసార్లు కొడతారు. అప్పుడు పుట్టే 13.5 నానోమీటర్ల కాంతిని గాలి కూడా మింగేస్తుంది కాబట్టి అంతా శూన్యంలోనే జరగాలి. నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ దీని వెనక రెండు దశాబ్దాలు పడింది. మొదట్లో అమెరికా ప్రభుత్వ ల్యాబులు చేసిన మాట నిజమే. కానీ సర్కారు డబ్బు ఆగిపోయాక, 1997లో ఇంటెల్ కొన్ని కంపెనీలను కూడగట్టి అదే ల్యాబుల్లో ఆ పని నడిపించింది. ఓపిక ఎవరిది మరి?

వేపచెట్టు:
నేను ఒక కంపెనీ పరిశోధన విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. ట్రాన్సిస్టర్‌ను తీగలతో కలిపే కాంటాక్టుల కోసం ఒక కొత్త లోహం మీద రెండేళ్లు కష్టపడ్డాం. వేడి చేసినప్పుడల్లా అది పక్క పొరలోకి పాకిపోయేది. చివరికి ప్రాజెక్టు ఆపేశారు. ఆపినందుకు నాకు బాధ లేదు. అది ఎందుకు పనికిరాదో, ఏ వేడి దగ్గర ఎంత పాకుతుందో నలభై పేజీల రిపోర్టు రాశాను. అది ఏదో సర్వర్‌లో పడి ఉంది. నేను బయట నోరెత్తకూడదు. రెండేళ్ల కిందట ఒక సదస్సులో ఒక పీహెచ్‌డీ అమ్మాయి పోస్టర్ చూశాను. అదే లోహం, అదే వేడి. మూడో ఏడాదిలో ఉందట. బాగుందమ్మా అని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే డబ్బు ఎవరికిచ్చారన్నది నాకు రెండో సంగతి. ప్రజల సొమ్ము ఒక్క రూపాయి కలిసినా, ఓడిపోయిన ప్రయోగాలు కూడా బయటపెట్టాలని ఒప్పందంలో రాయించాలి. గెలిచినవి ఎలాగూ పత్రికలకు చెప్పుకుంటారు.

గోదారి గట్టు:
ఆ షరతు పెడితే ఏ కంపెనీ ముందుకొస్తుందండీ? ఓడిన ప్రయోగం కూడా పోటీవాడికి దారి చూపిస్తుంది కదా.

వేపచెట్టు:
వెంటనే వద్దు. మూడేళ్లు ఆగి ఇమ్మనండి. ఐబీఎంనే చూడండి. తన చిప్ ఫ్యాక్టరీలను 2015లోనే వదిలేసుకుంది. అయినా 2021లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో 2 నానోమీటర్ల చిప్ చేసి చూపించింది, మరుసటి ఏడాది ఆ విద్య కోసం జపాన్ నుంచి రాపిడస్ అనే చిప్ కంపెనీ వచ్చింది. అందులోని, గేటు నాలుగు వైపులా చుట్టేసే నానోషీట్ ట్రాన్సిస్టర్ గురించి ఐబీఎం వాళ్లు 2017లోనే పేపర్ వేశారు. పేపర్ బయటికొచ్చిందని విద్య విలువ పోలేదు. మూడేళ్లు ఎక్కువనుకుంటే రెండు, తక్కువనుకుంటే ఐదు. ఆ లెక్క మీరు చెప్పండి, నేను ఒప్పుకుంటాను.