కొత్తవాళ్ల ఫొటో పోటీ: ఎడిటింగ్ ఎంతవరకు ఒప్పుకోవాలి?

నీడవెలుగు: కొత్తవాళ్ల పోటీకి ఒక నిబంధన రాశాను, చూడండి. క్రాప్ (అంచులు కత్తిరించడం), ఎక్స్‌పోజర్ (వెలుతురు), కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) సరిచెయ్యడం, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చడం సరే. ఫ్రేములో ఉన్నదాన్ని తీసెయ్యడం, లేనిదాన్ని చేర్చడం, ఆకాశం మార్చడం, ఏఐతో పుట్టించడం కుదరదు. చివరి రౌండుకొచ్చినవాళ్లు ఒరిజినల్ ఫైల్ పంపాలి. అభ్యంతరాలుంటే చెప్పండి.

కొత్తకన్ను: సెన్సర్ మీది దుమ్ము మచ్చ తీసుకోవచ్చా అండీ?

నీడవెలుగు: తీసుకోవచ్చు. ఆ మచ్చ కెమెరాలో ఉంది, మీ ఎదురుగా లేదు.

తీగమల్లె: మరి కరెంటు తీగ? వేరే పోటీకి సూర్యోదయం ఫొటో పంపాను. పై మూలన సన్నగా ఒక తీగ కనబడుతుంటే హీలింగ్ బ్రష్‌తో (మచ్చలు చెరిపే ఎడిటింగ్ పరికరం) తీసేశాను, తీసినట్టు వివరణలో రాశాను కూడా. అయినా పక్కన పెట్టేశారు. బహుమతి ఏ ఫొటోకి ఇచ్చారో తెలుసా? ఒక పెద్దాయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తల ఇటు తిప్పండి అటు తిప్పండి అని చెప్పి తీసినదానికి. తీసేటప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. కింద మాత్రం ‘అనుకోకుండా దొరికిన క్షణం’ అని రాశారు. పిక్సెల్ కదపలేదు కాబట్టి అది చెల్లింది.

నీడవెలుగు: సన్న తీగే కదా అని వదిలేస్తే రేపు స్తంభం, ఎల్లుండి మనిషి. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో బహుమతి వచ్చిన ఒక ఫొటోని అనర్హం చేశారు. కారణం, వెనకాల కనబడుతున్న ఒక పాదం ముక్కని తుడిచెయ్యడం. ఆ ఫొటోని బాగా క్రాప్ చేశారు, రంగులు తీసేసి టోన్ మార్చారు. అయినా అనర్హతకి చెప్పిన కారణం ఆ పాదమే. 2015లో అదే పోటీలో చివరి రౌండుకి ముందు దాకా వచ్చినవాటిలో దాదాపు 20 శాతం ఒరిజినల్‌తో పోల్చినప్పుడు తప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లంతా వృత్తిలో ఉన్నవాళ్లు! నిబంధన అంటే రెండు ఫైళ్లు పక్కపక్కన పెడితే తేలిపోయేలా ఉండాలి. ‘చిన్నది’ అంటే ఎంత అని జడ్జీలు కొట్టుకుంటూ కూర్చోలేరు.

జేబుకెమెరా: ఫోన్‌వాళ్ల సంగతేంటి? నైట్ మోడ్‌లో బటన్ ఒకసారి నొక్కితే చాలా ఫ్రేములు తీసి కలిపి ఒక ఫొటో ఇస్తుంది. చీకటి భాగాల్లో వెలుగు అదే పెంచుతుంది, నాయిస్ (గరుకు చుక్కలు) అదే తుడుస్తుంది. ఇందులో ఒరిజినల్ ఏది?

నీడవెలుగు: ఫోన్ దాచుకున్న మొదటి ఫైల్. మెసేజింగ్ యాప్‌లో పంపింది వద్దు, చాలావాటిలో సైజు నలిగిపోతుంది, ఎక్సిఫ్ వివరాలూ (ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారో ఫైల్‌లో ఉండే సమాచారం) పోతాయి.

తీగమల్లె: కిటికీ ఫొటో సంగతి దాటేశారు. ఒరిజినల్ ఫైల్‌తో నిజం తేలుతుందా? వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గెలిచిన ఫొటోలో గేటు మీంచి దూకే తోడేలుంది. అది బహుశా మచ్చిక చేసిన జంతువని తేల్చి తర్వాత బహుమతి వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో గెలిచిన చీమలు తినే జంతువు ఫొటోని 2018లో రద్దు చేశారు, అది చచ్చిన జంతువు తోలుతో చేసిన బొమ్మ కావచ్చని. రెండింటిలోనూ గొడవ కెమెరా ముందు పెట్టినదాని గురించే. మీ నిబంధనకి దొరికేది బ్రష్ పట్టుకున్న కొత్తవాడు ఒక్కడే.

దారిపక్క: 2023 సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఏఐ బొమ్మకి ఒక విభాగంలో బహుమతి ప్రకటించారు. చేసినాయనే నాకొద్దన్నారు. కంటితో చూసి పట్టుకోవడం కష్టం, ఫైల్ అడగాల్సిందే.

నీడవెలుగు: తీగమల్లె గారూ, ఎక్కడో ఓడిపోయిన కోపం ఇక్కడ తీర్చుకోకండి.

తీగమల్లె: ఓడిపోయినందుకు కాదు నా కోపం. ‘తీగ ఒక్కటేనా, ఇంకేం దాచారు?’ అని అందరి ముందూ అడిగారు. నా అంతట నేను రాసి పెట్టినదాన్ని దాచడం అంటారా? ఫొటో వద్దంటే ఒప్పుకునేదాన్ని. నన్ను దొంగని చేశారు. ఆ తర్వాత చాన్నాళ్లు కెమెరా ముట్టుకోబుద్ధి కాలేదు. మీరు రాసిన దాంట్లోనూ అదే కనబడుతోంది. పట్టుకోవడం, తీసెయ్యడం తప్ప ఇంకేం లేదు.

నీడవెలుగు: ఇప్పుడర్థమైంది. నా వైపు కూడా వినండి. నాకు తెలిసిన ఒక పోటీలో ఓ కుర్రాడు తెల్లారకముందే చెరువు దగ్గర కాపు కాసి కొంగని తీశాడు. వెలుతురు చాలక ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచాడు, ఫొటో నిండా గరుకు. వేరే ఆకాశం అతికించిన నున్నటి ఫొటో అతన్ని దాటిపోయింది. అది అతుకని తేలేసరికి బహుమతులు ఇచ్చేశారు. ఆ కుర్రాడు మళ్లీ పోటీకి పంపలేదు. ఏమీ ముట్టుకోనివాడికి అన్యాయం జరగకూడదనే నా పట్టుదలంతా.

తీగమల్లె: ఆ కుర్రాడి పక్షాన నేనూ ఉంటాను. కానీ చెప్పి చేసినవాళ్లనీ చెప్పకుండా చేసినవాళ్లనీ ఒకే గాటన కట్టకండి. ఏమేం చేశామో రాయడానికి ఫారంలో చోటివ్వండి. అందులో నిబంధనకి పడని మార్పు ఉంటే, ఆ మార్పు లేకుండా మళ్లీ పంపమని మెయిల్ పెట్టండి.

జేబుకెమెరా: ఇది బాగుంది.

నీడవెలుగు: సరే, గడువులోపు ఒకసారి మార్చి పంపే అవకాశం ఇద్దాం. దాచి దొరికితే మాత్రం అవకాశం లేదు. తీగ తీయడానికి ఇప్పటికీ ఒప్పుకోను.

తీగమల్లె: మీరు ఒప్పుకోకపోయినా నా అభిప్రాయం మారదు. అదే ఫారంలో ఇంకో ప్రశ్న చేర్చండి: ‘ఫొటోలో ఉన్నవాళ్లని మీరే కూర్చోబెట్టారా? జంతువు పెంపుడుదా?’ అది చేరిస్తే, నా సూర్యోదయం తీగతోనే పంపిస్తాను.